ఎలక్ట్రా డైరీ: పొల్యూషన్ గొట్టం, నిలబడని స్లో

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఎలక్ట్రా 350. 2006లో కొన్నది, పోత ఇనుము బారెల్ ఉన్న పాత ఇంజిన్. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., మొత్తం 346 సీసీ. నంబరు ప్లేటు మీద ఇంకా ఒడిశా పాత అక్షరాలు ఓఆర్ అనే ఉన్నాయి, ఓడీ అక్షరాలు 2012లో వచ్చాయి. మా చిన్నాన్నది. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆయన ఇంటి వసారాలో టార్పాలిన్ కప్పుకుని కొన్నేళ్లుగా పడి ఉంది.

దీన్ని వింటేజ్ అంటే నవ్వేవాళ్లున్నారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ అని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి కాయితం మీద ఇది వింటేజ్ కాదు. ఇంజిన్ వరకూ చూస్తే మాత్రం 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్ వంశమే: వాల్వులను కదిపే పొడవాటి కడ్డీలు (పుష్‌రాడ్లు), రెండు వాల్వులు, నిదానంగా తిరిగే బరువైన ఫ్లైవీలు. ఆ పాత ఒంటికి 2005లో వచ్చిన బీఎస్-2 కాలుష్య నిబంధనల కోసం ఒక గొట్టం, ఒక చిన్న డబ్బా తగిలించారు. ఈ డైరీ అంతా ఆ డబ్బా గురించీ, దాని నెత్తిన జనం వేసే నిందల గురించీ.

దసరా దాటాక

ముందు రోగ లక్షణాలు రాసుకున్నాను, లేకపోతే రేపు ఏది తగ్గిందో ఏది తగ్గలేదో తెలీదు. చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగి కొడితే లేస్తుంది. చోక్ తీసేయగానే స్లో, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ నిదానంగా తిరిగే వేగం, నిలబడదు, పైకీ కిందికీ ఊగుతుంది. యాక్సిలరేటర్ కొంచెం తిప్పగానే ఒక్క క్షణం చచ్చి, ఆ తర్వాతే అందుకుంటుంది. రేసు వదిలితే సైలెన్సర్లో ఫట్ ఫట్. పూర్తిగా వేడెక్కాక గేటు దగ్గర ఆగితే ఆగిందే, మళ్లీ లేవడానికి కాళ్లు పడిపోవాలి. ప్లగ్గు తీస్తే మధ్య పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ.

చిన్నాన్న తీర్పు ముందే సిద్ధంగా ఉంది. "ఏట్రా, ఇంకా చూస్తన్నావు? ఆ పొల్యూషన్ గొట్టం పీకి పారెయ్. అది తగిలించిన కాడినుంచే బుల్లెట్లు పాడయ్యాయి." ఊళ్లో ఏ మెకానిక్‌ని అడిగినా ఇదే మాట. కొందరు దాన్ని ఈజీఆర్ అంటారు. అది తీసేస్తే పికప్ పెరుగుతుందని కూడా చెబుతారు.

అది ఈజీఆర్ కాదు. ఈజీఆర్ పొగను తిరిగి ఇంజిన్లోకి పంపుతుంది. ఇది తాజా గాలిని పొగలోకి పంపుతుంది, పని సరిగ్గా తలకిందులు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నప్పుడు బెండు పైపులో, అంటే ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే వంపు గొట్టంలో, ముందు ఒత్తిడి అల వస్తుంది, దాని వెనకే చిన్న లాగుడు వస్తుంది. ఆ లాగుడుకి డబ్బాలోని పల్చటి స్టీలు రేకు, అంటే రీడ్ వాల్వు, తెరుచుకుని ఫిల్టర్ డబ్బా నుంచి గాలిని బెండు పైపులోకి వదులుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఆ వేడిలో కొంత కాలిపోతాయి. రేసు ఒక్కసారిగా వదిలినప్పుడు ఇలా గాలి వెళితే సైలెన్సర్లో పేలుతుంది కాబట్టి, ఇన్‌టేక్ (ఇంజిన్లోకి గాలీ పెట్రోలూ వెళ్లే దారి) వైపు నుంచి వచ్చే సన్నటి వాక్యూమ్ గొట్టం ఆ సమయానికి డబ్బాను మూసేస్తుంది. అంతే దాని పని. పొగ వెళ్లే దారికి అది అడ్డం కాదు, కాబట్టి తీసేసినంత మాత్రాన పికప్ పెరగదు.

ఇక పరీక్ష. ఫిల్టర్ డబ్బా వైపు గొట్టం ఊడదీసి, బండి స్లోలో ఉండగా దాని మూతి మీద వేలు పెట్టాలి. వాల్వు బాగుంటే వేలిని లోపలికి లాగుతుంది. మా బండిది వేడి పొగ ఊదింది. రీడ్ మీద బొగ్గు పేరుకుని మూసుకోవడం మానేసింది. ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఆ గొట్టం తగిలే మూతి (నిపిల్) చుట్టూ మసి. ఇంజిన్ తన పొగ తానే పీలుస్తోంది. స్లోలో మామూలుగానే గాలి తక్కువ, అందులో పొగ కలిస్తే ఊగక ఏం చేస్తుంది?

కాబట్టి చిన్నాన్న అన్నదాంట్లో ఇంతవరకూ నిజం ఉంది: చెడిపోయిన వాల్వు బండిని పాడు చేస్తుంది. బాగున్న వాల్వు చేస్తుందా అన్నది వేరే ప్రశ్న.

తీయడానికి ముందు చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. కాలుష్య ప్రమాణాలు దాటిన బండి నడిపితే 190(2) కింద 2019 సవరణ తర్వాత జరిమానా పది వేల దాకా ఉంది. పైగా దీని ఆర్సీకి పదిహేనేళ్లు 2021లోనే నిండాయి. రెన్యువల్‌కి బండిని చూపించాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టాలి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: ఏదీ కొయ్యను, ఏదీ వెల్డింగ్ చేయించను. తీసినదంతా తిరిగి బిగించేలా ఉండాలి. వాల్వు, గొట్టాలు, క్లిప్పులు అన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి, దేని చోటు ఏదో ఫోటోలు తీసి పెట్టాను.

దీపావళి సెలవులు: మూడు కన్నాలు

డబ్బా ఊడదీస్తుంటే అసలు కథ బయటపడింది. ఇంతకుముందు ఎవరో దీన్ని సగం తీసేశారు. వాక్యూమ్ గొట్టాన్ని మధ్యలో కోసి, కొసలో ఒక మేకు దూర్చి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. పెట్రోల్ ఆవిరికి టేపు జిగురుగా కరిగిపోయింది, మేకు చుట్టూ గాలి సుబ్బరంగా లోపలికి పోతోంది. ప్లగ్గు తెల్లగా ఉండటానికి ఇదొక కారణం. బెండు పైపు మీది మూతి దగ్గర ఎం-సీల్ ముద్ద పూసి ఉంది. అది ఎగ్జాస్ట్ వేడికి ఎలా నిలుస్తుందనుకున్నారో! పెళుసుగా మారి, గోటితో గీకితే రాలిపోయింది.

ఈ వ్యవస్థ తీస్తే మిగిలేవి మూడు కన్నాలు. మూడూ మూడు రకాలు, ఒకదానికి వేసే బిరడా ఇంకోదానికి పనికిరాదు.

బెండు పైపు మీది మూతికి లోహమే కావాలి. రైల్వే స్టేషన్ వైపు ఉన్న లేత్ షాపుకి కొలతలు పట్టుకెళ్లాను. ఆ మేస్త్రి ఒడియా ఆయన, తెలుగు నాకన్నా వేగంగా మాట్లాడతాడు. స్టీలు కడ్డీ తిప్పి, మెట్టు ఉన్న బిరడా చేసి, కింద వేయడానికి రాగి వాషరు ఇచ్చాడు. రాగిని ముందు ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి చక్కగా కూర్చుంటుంది. ఇక్కడ వీసమెత్తు పొగ కూడా కారకూడదు, ఎందుకంటే కారే చోటు నుంచే రెండు పేలుళ్ల మధ్య బయటి గాలి లోపలికి వెళ్లి, రేసు వదిలినప్పుడు ఫట్ ఫట్ మంటుంది.

ఇన్‌టేక్ నిపిల్‌కి పెట్రోల్ తట్టుకునే రబ్బరు టోపీ, దాని మీద స్ప్రింగు క్లిప్పు. ఇది మూడింటిలోకీ చిన్నది, మూడింటిలోకీ ముఖ్యమైనది. స్లోలో ఇన్‌టేక్‌లో లాగుడు బలంగా ఉంటుంది కాబట్టి గుండుసూది మొనంత సందు చాలు, కార్బొరేటర్ కొలిచి ఇచ్చిన పెట్రోల్-గాలి మిశ్రమమంతా తప్పిపోతుంది.

ఫిల్టర్ డబ్బా కన్నాన్ని చాలామంది వదిలేస్తారు, గాలే కదా అని. అది ఫిల్టర్ దాటాక, ఇంజిన్ వైపు ఉంది. తెరిచి ఉంచితే మట్టిరోడ్డు దుమ్ము నేరుగా సిలిండర్లోకి. రబ్బరు బిళ్ల వేసి మూశాను.

ఫలితం: ఫట్ ఫట్ దాదాపు పోయింది. ఊగడం తగ్గింది, కానీ ఆగలేదు. చిన్నాన్న మాత్రం పండగ చేసుకున్నాడు.

కార్తీకం: గాలి ఎక్కడ దూరుతోంది

మెకానిక్‌లు కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి వెతుకుతారు. వేడి ఇంజిన్ మీద మండే ద్రవం చల్లడం నాకు ఇష్టం లేదు. పూలకుండీలకు నీళ్లు కొట్టే సీసా చాలు. బండి స్లోలో పెట్టి కార్బొరేటర్ జాయింటు చుట్టూ సన్నగా నీళ్లు చల్లాలి. నీళ్లు సందును ఒక్క క్షణం మూస్తాయి, ఇంజిన్ శబ్దం మారుతుంది. రబ్బరు టోపీ దగ్గర చల్లితే మార్పు లేదు. కార్బొరేటర్ ఫ్లాంజి (ఇంజిన్‌కి ఆనించి బోల్టులతో బిగించే చదును ముఖం) కింది అంచున చల్లగానే స్లో నిమ్మళించి, నీళ్లు ఆరగానే మళ్లీ ఊగింది. దొరికింది.

ఊడదీసి ఫ్లాంజి మీద స్టీలు స్కేలు నిలబెడితే మధ్యలోంచి వెలుతురు కనబడింది. ఇది ఈ కార్బొరేటర్లకు పాత జబ్బు. లోహం మెత్తన, బోల్టులు రెండే. గాలి లీకవుతోందని ఎవరో గట్టిగా బిగిస్తారు, బోల్టులు దూరే చెవులు వంగి మధ్యలో సందు పడుతుంది, లీకు ఇంకా పెరుగుతుంది, ఇంకొకరొచ్చి ఇంకా బిగిస్తారు. మధ్యలో సందు మూసే రబ్బరు చుట్టు, ఓ-రింగు, కూడా ఎండి గాజులా పెళుసెక్కింది.

మార్కెట్లో జాయింటు గమ్ము అని అమ్మేవి ఇక్కడ పనికిరావు, పెట్రోల్ వాటిని తినేస్తుంది. తిన్నది ఊడి జెట్లలోకి, అంటే పెట్రోల్ కొలిచి వదిలే సన్న కన్నాల్లోకి పోతుంది. ఉన్న మార్గం చదును చేయడమే. దళసరి గాజు పలక మీద నీటి ఎమెరీ కాగితం పరిచి, ఫ్లాంజి మీద మార్కర్‌తో అడ్డగీతలు గీసి, ఒత్తిడి పెట్టకుండా ఎనిమిది అంకె రాస్తున్నట్టు తిప్పాలి. గీతలు మొదట చెవుల దగ్గర చెరిగాయి, మధ్యకి రావడానికి చాలాసేపు పట్టింది. టీవీలో క్రికెట్ చూస్తూ చేసుకోదగ్గ పని. గీతలన్నీ సమంగా చెరిగాక కడిగి, కొత్త ఓ-రింగు వేసి, బోల్టులు ఒకటి విడిచి ఒకటి కొద్దికొద్దిగా బిగించాను.

స్లో నిలబడింది. ఊగడం లేదు. ఈ బండి జబ్బులో పెద్ద ముక్క ఇదే అని నా లెక్క, పొల్యూషన్ డబ్బా కాదు. డబ్బా కంటికి కనబడుతుంది, అరమిల్లీమీటరు వంపు కనబడదు, తేడా అదే.

మిశ్రమం, 20 శాతం ఇథనాల్

తిప్పగానే చచ్చి లేవడం ఇంకా ఉంది. కార్బొరేటర్ ఎలాగూ విప్పాను కాబట్టి స్లోకి పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ వెలుతురుకి పెట్టి చూశాను. నిలవున్న పెట్రోల్ వార్నిష్‌లా గట్టిపడి సగం కన్నం మూసుకుపోయింది. గుండుసూది పెట్టి పొడవకూడదు, ఇత్తడి కన్నం పెద్దదై ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్లో నానబెట్టి బ్రష్షు వెంట్రుకతో తీశాను.

ఈ బండి పుట్టినప్పటి పెట్రోల్ వేరు, ఇప్పటిది వేరు. దేశమంతా 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చేసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్లతో మిశ్రమం కొంచెం పల్చబడుతుంది. కొత్త బళ్లలో సెన్సార్ సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, మనమే సర్దాలి. కార్బొరేటర్లో పెట్రోల్‌ని అదుపు చేసే సూదికి ఉన్న క్లిప్పును ఒక గాటు కిందికి దించాను, అంటే సూది ఒక మెట్టు పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ స్క్రూని లోపలికి తిప్పితే స్లోలో పెట్రోల్ పెరుగుతుంది, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. పాత పెట్రోల్ పైపు కూడా ఉబ్బిపోయి ఉంది, మార్చేశాను. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, మన వైపు తేమలో నెలల తరబడి ట్యాంకులో నిలవుంచితే అడుగున నీళ్ల పొర చేరుతుంది. నిలవుంచేటప్పుడు ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టడం మంచిది.

తిప్పగానే అందుకుంటోంది ఇప్పుడు.

వేడెక్కాక ఆగడం

త్వరగా తేలింది. ఎలక్ట్రా కాబట్టి ప్లాటినం పాయింట్లు లేవు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ప్లగ్గు టోపీ లోపల తుప్పు, మార్చాను, స్పార్కు బాగుపడింది గానీ ఆగడం ఆగలేదు. టాపెట్లు చూస్తే ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ చేత్తో తిరగడం లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వచ్చాక, రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. బిగుసుకుని ఉంటే వాల్వు పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ జారిపోతుంది, స్లోలోనే ముందు తెలుస్తుంది. సర్దాక కిక్కు కూడా బరువెక్కింది. మోకాలికి కష్టం, ఇంజిన్‌కి మంచి గుర్తు.

పెట్రోల్ బంకు దగ్గర మీటరు

2000 మార్చి 31 తర్వాత తయారైన నాలుగు స్ట్రోకుల బండికి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) 3.5 శాతం, హైడ్రోకార్బన్ 4,500 పీపీఎం దాటకూడదు. మొదటిసారి సీఓ దాటింది. సర్టిఫికెట్ ఇచ్చే కుర్రాడు "గొట్టం తీసేశారు కదన్నా, అందుకే" అన్నాడు. సగం నిజం. గొట్టం ఉన్నప్పుడు పొగలో గాలి కలిసి అంకె చిన్నదవుతుంది, కొంత సీఓ కాలిపోతుంది. తీసేశాక మీటరు చూపేది ఇంజిన్ లోపలి అసలు అంకె. నాకు అదే కావాలి, మిశ్రమం సర్దడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు పర్లాకిమిడిలో ఇంకేదీ లేదు. అందుకే గొట్టం తీసి ఉన్నప్పుడే పరీక్ష చేయించాను.

మీటరు గొట్టాన్ని (ప్రోబు) సైలెన్సర్లోనే ఉంచమని అతన్ని బతిమాలి, ఎయిర్ స్క్రూ కొంచెం కొంచెం బయటికి తిప్పాను. సీఓ దిగుతూ వచ్చింది. ఇంకా తిప్పితే సీఓ ఇంకా దిగింది గానీ హైడ్రోకార్బన్ ఒక్కసారిగా ఎగిరింది. మిశ్రమం మరీ పల్చబడి కొన్ని స్ట్రోకులు మంటే అందుకోవడం లేదన్నమాట, ఆ పెట్రోల్ పచ్చిగా బయటికొస్తోంది. అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి. రెండు అంకెలూ హద్దులోకి వచ్చాయి, స్లో కూడా అక్కడే నున్నగా ఉంది. చెవి చెప్పినదీ మీటరు చెప్పినదీ ఒకే చోట కలవడం ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఇంత పాత బండికి సర్టిఫికెట్ ఆరు నెలలకే, మళ్లీ రావాలి.

ఘాట్ రోడ్డు

ఆర్. ఉదయగిరి మీదుగా, టిబెటన్లు 1963 నుంచి ఉంటున్న చంద్రగిరి. ఎక్కుడులో మూడో గేరులో మిస్సింగ్ లేదు. పైన ఇంజిన్ ఆపి, చల్లారాక ప్లగ్గు తీస్తే పింగాణీ లేత గోధుమరంగు. దిగుడులో రేసు పూర్తిగా వదిలి ఇంజిన్ బ్రేకు మీద వచ్చాను, ఒకటీ అరా టప్ మంది తప్ప పేలుళ్లు లేవు. బిరడా చుట్టూ మసి లేదు. చంద్రగిరిలో తుక్పా (టిబెటన్ల నూడుల్స్ సూపు) తాగి, చలికి వణుకుతూ దిగాను. హాఫ్ చేతుల చొక్కాతో వెళ్లకండి.

సంక్రాంతి ముందు: తిరిగి బిగించడం

బరంపురంలో కొత్త వాల్వు దొరికింది. మిగతా జబ్బులన్నీ తగ్గిన ఇంజిన్‌కి దీన్ని బిగిస్తే ఏమవుతుందో చూడకుండా ఈ పని పూర్తయినట్టు కాదు. గొట్టాలు కొత్తవి, వాక్యూమ్ గొట్టం ముక్కల్లేకుండా ఒకటే, క్లిప్పులన్నీ కొత్తవి. వేలు పరీక్ష చేస్తే లాగుతోంది, ఊదడం లేదు. స్లోలో తేడా లేదు. అదే రోడ్డు మీద పికప్‌లో తేడా లేదు. పెట్రోల్ ఖర్చులో నాకు పట్టుబడేంత తేడా లేదు. మీటరులో సీఓ ఇంకా దిగింది.

కాబట్టి వాల్వు ఉంచేస్తున్నాను, ఇన్‌స్పెక్షన్‌కి ఎలాగూ అది ఉండాలి. లేత్ బిరడా, రబ్బరు టోపీ బిస్కెట్ల డబ్బాలోకి వెళ్లాయి. ఎవరి బండికైనా స్లో ఊగుతుంటే వాల్వు మీద వేలు పెట్టి చూడండి, ఊదితే మార్చండి. లాగుతుంటే దాన్ని వదిలేసి ఫ్లాంజి మీద స్కేలు పెట్టండి.

చిన్నాన్న గొట్టం చూశాడు. బండి ఎక్కలేదు, కిక్కు కూడా కొట్టలేదు. "లాగడం తగ్గిపోయిందిరా," అన్నాడు.

మిగిలిన పనులు: రెండో గేరులో క్లచ్ జారుతోంది, ప్లేట్లు విప్పాలి. ముందు బ్రేకు కేబుల్ పోగులు తెగుతున్నాయి, ఇన్‌స్పెక్షన్‌కి ముందే మార్చాలి. ఆర్సీ రెన్యువల్ దరఖాస్తు పెట్టాను, తేదీ ఇంకా రాలేదు.